ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఇంగ్లీషు ఎప్పుడొస్తుంది?

పోయిన రంజాన్‌లో ఒక రోజు ఇఫ్తార్ అయ్యాక మన సొసైటీ దాత ఒకరు నన్ను పక్కకు పిలిచారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం ఆయనది. ఏటా ముగ్గురు పిల్లల ఫీజు ఆయనే కడతారు. "మాస్టారూ, ఆ ముగ్గురిలో పెద్దవాణ్ణి నిన్న దుకాణానికి రమ్మన్నాను. తొమ్మిదో తరగతి. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియమే. కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ చేతికిచ్చి చదవమన్నాను. గడగడా చదివాడు. ఏం రాశారు బేటా అంటే తల దించుకున్నాడు. మరి నేను కట్టిన పైసలు ఎక్కడికి పోయినట్టు?" అని అడిగారు.

ఆయన మాటలో కోపం లేదు, బాధ ఉంది. ఆ రాత్రి నేను తరావీహ్‌కు వేళయిందని చెప్పి తప్పించుకున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడ్డాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికే.

ముందుగా ఆ పిల్లవాడికి ఏమొచ్చో, ఏం రాదో విడదీసి చూద్దాం. అక్షరాలొచ్చు. మాట కనిపిస్తే పలకడం వచ్చు. పరీక్షలో మార్కులూ వస్తాయి. మన పదో తరగతిలో ఇంగ్లీషు పేపరు వంద మార్కులకు. 35 వస్తే పాస్. పాఠం చివరి ప్రశ్నలకు గైడులో జవాబులుంటాయి, అవి బట్టీ పడితే గట్టెక్కవచ్చు. ఉత్తరం రాయమంటే నేను దిద్దిన పేపర్లలో సగానికి సగం ఒకటే ఉత్తరం ఉంటుంది: హాస్టల్ నుంచి కొడుకు తండ్రికి డబ్బు పంపమని రాసేది. హాస్టల్ గుమ్మం తొక్కని పిల్లలు కూడా అదే రాస్తారు. ఇంత వచ్చిన పిల్లవాడికి తన దుకాణంలోకి వచ్చిన నాలుగు వాక్యాల మెయిల్ అర్థం కాదు. ఎందుకంటే ఆ మెయిల్ గైడులో లేదు.

స్పానర్ల పేర్లన్నీ నంబర్లతో సహా అప్పజెప్పిన కుర్రాణ్ణి ఆటోనగర్‌లో ఎవరూ మెకానిక్ అనరు. బోల్టు విప్పగలిగితేనే అంటారు. ఇంగ్లీషూ అంతే. మందు స్ట్రిప్ మీద 'ఆఫ్టర్ ఫుడ్' అని ఉంటే అన్నం తిన్నాక వేసుకోవాలని తెలియడం, బ్యాంకు ఫారం నింపడం, గల్ఫ్‌కు వెళ్లే అన్న చేతిలోని కాంట్రాక్టులో జీతం ఎంత, సెలవు ఎన్నాళ్లు అని చదివి చెప్పగలగడం, ఇంటర్వ్యూలో అడిగింది అర్థం చేసుకుని తన మాటల్లో జవాబివ్వడం – ఇవి ఇంగ్లీషుతో జరిగే పనులు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటి రిపేరుకు స్కానర్ తగిలిస్తే తెర మీద లోపం ఏమిటో ఇంగ్లీషులో వస్తుంది. చేతిపనిలో తండ్రిని మించిన కొడుకు కూడా ఆ తెర ముందు ఆగిపోతున్నాడు.

ఇక్కడ మీడియం సంగతి ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే మన దాతల సొమ్ములో పెద్ద వాటా దానికే పోతోంది. ఇంగ్లీషు మీడియంలో చేర్పిస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని అందరం నమ్మాం. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 81వ నంబరు జీవో ఇచ్చి ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తామంది. తెలుగు లేదా ఉర్దూ తప్పనిసరి సబ్జెక్టుగా ఉంటుందని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ వాదనలో నేనిక్కడ ఎవరి పక్షమూ వహించను. తరగతి గదిలో చూసింది మాత్రం చెబుతాను. టీచరు పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యం చదివి, దాని అర్థం తెలుగులో చెప్పి, జవాబు బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తారు. పిల్లలు కాపీ చేసుకుంటారు. రోజంతా గడిచినా పిల్లవాడు తనంతట తాను ఒక్క ఇంగ్లీషు వాక్యం కట్టే అవసరం రాదు. ప్రైవేటు బడుల్లో చాలాచోట్లా ఇదే తంతు, టై ఒక్కటి అదనం.

దీనికి ఎదురు ఉదాహరణ మన పెద్దలకు తెలిసినదే. 1918లో హైదరాబాదులో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. కానీ ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి సబ్జెక్టు. బోధనా భాష వేరు, భాష నేర్పడం వేరు అన్న తేడా ఆ రోజుల్లోనే వారికి తెలుసు. మనం రెండింటినీ ఒకే ఫీజు రసీదులో కలిపేశాం.

ఇంకో పొరపాటు, పరీక్ష పెడితే భాష వస్తుందనుకోవడం. 2023లో అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ బడుల పిల్లలకు టోఫెల్ పరీక్షలు తెచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, ఆ కార్యక్రమమూ ఆగింది. పరీక్ష మంచిదే కావచ్చు. కానీ థర్మామీటరు జ్వరం ఎంతుందో చెబుతుంది, మందు వేరే ఇవ్వాలి.

సరే, మందు ఏమిటి? దానికి ముందు మన పిల్లలు ఇంగ్లీషు దగ్గరకు ఏం మూట కట్టుకుని వస్తున్నారో చూడాలి. ఈ మాట మన సభల్లో ఎవరూ ఎత్తరు.

వించిపేటలోనో భవానీపురంలోనో ఉండే మన పిల్లను తీసుకోండి. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, అదీ మన బెజవాడ దక్కనీ. వీధిలో, బడిలో స్నేహితులతో తెలుగు. సాయంత్రం మదరసాలో అరబీ అక్షరాలు. బడి పుస్తకంలో ఇంగ్లీషు. నూర్‌బాషా కుటుంబాల పిల్లలకైతే ఇంట్లోనూ తెలుగే. ఎనిమిదేళ్ల పిల్ల రోజుకు మూడు లిపులు చూస్తుంది. దీన్ని చాలామంది భారం అంటారు. నా అనుభవంలో ఇది పెట్టుబడి, మనమే వాడుకోవడం లేదు.

ఒక చిన్న సంగతి చెబుతాను. జంతుప్రదర్శనశాలను ఇంగ్లీషులో 'జూ' అంటారు, ఆరో నెలను 'జూన్' అంటారు. తెలుగులో రెంటికీ ఒకటే 'జ' రాస్తాం కాబట్టి తెలుగు పిల్లలు రెండూ ఒకలాగే పలుకుతారు. ఇంగ్లీషులో అవి రెండు వేరువేరు ధ్వనులు. ఉర్దూ ఇంటి పిల్లకు ఈ తేడా నేర్పాల్సిన పనే లేదు. 'జహాజ్' అన్న ఒక్క మాటలో మొదటి 'జ' జూన్‌లోది, చివరి 'జ' జూలోది. "బేటీ, జహాజ్ అను, ఇప్పుడు దాని చివర శబ్దంతో జూ అను" అంటే క్షణంలో పట్టుకుంటుంది. పైగా పక్కనున్న తెలుగు పిల్లకు తనే నేర్పుతుంది. తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఆ రోజు టీచరైపోతుంది. అలాగే ఉర్దూ పిల్లలు స్కూల్‌ను 'ఇస్కూల్' అంటారు, స్టేషన్‌ను 'ఇస్టేషన్' అంటారు; తెలుగు పిల్లలు బస్‌ను 'బస్సు', పెన్‌ను 'పెన్ను' చేస్తారు. ఒకరు మాట ముందు అచ్చు తగిలిస్తారు, ఇంకొకరు మాట వెనక. ఎవరి తప్పు ఏ ఇంటి నుంచి వస్తోందో తెలిస్తే దిద్దడం పది నిమిషాల పని. తెలియకపోతే వెక్కిరించడమే మిగులుతుంది.

వాక్యం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 'నేను నిన్న బజారులో మామిడిపళ్లు కొన్నాను' అంటాం. దక్కనీలో 'మై కల్ బజార్ మే ఆమ్ ఖరీదా' అంటాం. మాటల వరస రెండింటిలో ఒకటే. ఇంగ్లీషులో 'ఐ బాట్ మ్యాంగోస్ ఇన్ ద బజార్ ఎస్టర్‌డే'. అంటే నేను – కొన్నాను – పళ్లు – బజారులో – నిన్న. 'నేను' తర్వాత వాక్యం తోక నుంచి తలకు తిరిగిపోయింది. 'బజారులో' అన్నప్పుడు 'లో' వెనక వస్తే, ఇంగ్లీషులో 'ఇన్' ముందొస్తుంది. వ్యాకరణ సూత్రాలు ఏడాది పొడుగునా చెప్పే బదులు ఈ ఒక్క తిరగవేతను అట్టముక్కల మీద మాటలు రాసి పిల్లల చేత ఆడిస్తే వారంలో తలకెక్కుతుంది. దీనికి టీచరు ఇంటిభాషను తరగతిలోకి రానివ్వాలి. 'ఓన్లీ ఇంగ్లీష్' అని గోడ మీద బోర్డు పెట్టి, తెలుగు మాట్లాడితే పది రూపాయల జరిమానా వేసే బడి ఒకటి నాకు తెలుసు. ఆ బడిలో పిల్లలు ఇంగ్లీషు మాట్లాడటం లేదు, మాట్లాడటమే మానేశారు.

ఇప్పుడు జాగ్రత్తగా చెప్పవలసిన మాటకు వస్తాను. మన పిల్లలు ఖాయిదాతో మొదలుపెట్టి, జబర్, జేర్, పేష్ నేర్చుకుని ఖురాన్ నాజిరా చదువుతారు. అక్షరం సరిగ్గా పలకడమే అక్కడ చదువు. అలా చదవడానికే పుణ్యం ఉంది. అర్థం తర్వాత తఫ్సీర్ ద్వారా వస్తుంది. ఆ పద్ధతిలో లోపమేమీ లేదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు చదవడం అంటే అదేనని స్థిరపడిపోతుంది. ఇంగ్లీషు పుస్తకం తెరిచినా శబ్దం పూర్తయితే చదువు పూర్తయిందనుకుంటుంది. మన స్పేర్ పార్టుల దుకాణంలో ఆ కుర్రాడు చేసింది ఇదే: ఆ మెయిల్‌ను నాజిరా చదివాడు. ఇంగ్లీషు పుస్తకంతో వ్యవహారం వేరు అని వాడికి మనలో ఎవరం చెప్పలేదు, నాతో సహా.

మదరసా నుంచి మన బడులు నేర్చుకోవలసింది కూడా ఒకటుంది. అక్కడ ప్రతి పిల్లా రోజూ ఉస్తాద్ ఎదుట కూర్చుని తన సబక్ తానే వినిపించాలి. పాత సబక్ దౌర్ చేయాలి. నలభై మంది ఉన్నా ఒక్కొక్కరి గొంతు ఉస్తాద్ చెవిన పడుతుంది. మా బడిలో ఇంగ్లీషు పీరియడు 45 నిమిషాలు, పిల్లలు 40 మంది. నేను నోరు మూసుకుని అందరినీ మాట్లాడనిస్తే ఒక్కొక్కరికి నిమిషం వస్తుంది. నేను నోరు మూసుకోను కాబట్టి అదీ రాదు. ఏడాదంతా ఒక్క వాక్యం పలకకుండా పై తరగతికి వెళ్లిన పిల్లలున్నారు.

భాష ఎలా వస్తుందన్న దానిపై నన్ను బాగా కదిలించిన మనిషి మైకేల్ వెస్ట్. వందేళ్ల కింద ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఆంగ్లేయుడు. బెంగాల్ పల్లెల పిల్లలకు ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న దానిపై 1926లో పుస్తకం రాశారు. ఎక్కువమంది పిల్లలు చదువు పూర్తిచేయకుండా మధ్యలోనే మానేస్తారని ఆయన చూశారు. అందుకని ఒక లెక్క అడిగారు: ఏ తరగతిలో మానేస్తే ఆ పిల్లవాడి చేతిలో ఏం మిగులుతుంది? దానికి బీమా వాళ్ల మాటే వాడారు, సరెండర్ విలువ అని. ఎల్‌ఐసీ పాలసీ మధ్యలో ఆపేస్తే కట్టినదాంట్లో ఎంత తిరిగొస్తుందో అది. కొన్ని చదువులు చివరిదాకా సాగితేనే ఫలం ఇస్తాయి, మధ్యలో ఆపితే సున్నా. కాబట్టి ఎప్పుడు ఆగినా ఎంతో కొంత చేతికొచ్చేది ముందు నేర్పాలి, అది చదివి అర్థం చేసుకునే శక్తి అని ఆయన వాదన. మాటలు కూడా ఎన్నిక చేసి నేర్పాలన్నారు. 1953లో ఆయన ప్రచురించిన జాబితాలో సుమారు 2,000 మూలపదాలున్నాయి. మామూలు ఇంగ్లీషు రచనలో ప్రతి పది మాటల్లో దాదాపు ఎనిమిది ఆ జాబితాలోవే. మన పాఠ్యపుస్తకాలు ఐదో తరగతిలోనే పిల్లలకు ఇచ్చే అరుదైన మాటలు చూస్తే ఆయన ఏమనేవారో.

ఆ సరెండర్ విలువ అన్న మాట చదివినప్పుడు నాకు మన ఆడపిల్లలు గుర్తొచ్చారు. పదో తరగతి కాగానే ఎందరు ఆగిపోతారో మీకు తెలుసు. సంబంధం కుదురుతుంది, లేదా కాలేజీ దూరమంటారు, లేదా ఇంట్లో మిషన్ మీద కూర్చోబెడతారు. పదేళ్లు ఇంగ్లీషు పుస్తకాలు మోసిన ఆ పిల్ల ఆగిపోయిన రోజున మందు చీటీ చదవగలదా? రేపు తన బిడ్డ హోంవర్కు చూడగలదా? లేదంటే మనం కట్టిన పాలసీకి సరెండర్ విలువ లేదన్నమాట. చదువు ఆగకుండా చూడటం మొదటి పని, దానికోసం సొసైటీ పోరాడుతూనే ఉంది. కానీ ఆగినా చేతిలో ఏదో ఉండేలా చూడటం కూడా మన బాధ్యతే.

చదివే శక్తి ఎలా వస్తుందన్నదానికి నాకు తెలిసినంతలో బాగా నచ్చిన రుజువు ఫిజీ దీవుల నుంచి వచ్చింది. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి గిర్మిటియా కూలీలుగా మన తెలుగువాళ్లు కూడా వెళ్లిన దేశం అది. అక్కడి పిల్లలకు ఇంట్లో ఫిజియన్ భాషో, ఫిజీ హిందీయో, బడిలో ఇంగ్లీషు. మన పరిస్థితే. 1980 ప్రాంతంలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతులకు 250 కథల పుస్తకాల చొప్పున ఇచ్చారు. బొమ్మలున్న, పిల్లలు ఇష్టపడే పుస్తకాలు. రోజూ ఇరవై ముప్పై నిమిషాలు చదవాలి. కొన్ని తరగతుల్లో టీచరు పిల్లలతో కలిసి చదివి మాట్లాడారు, కొన్నింట్లో పిల్లలు ఎవరికి వారే చదువుకున్నారు. మిగతా బడుల్లో పాత పద్ధతిలో వాక్యాల అభ్యాసాలే. తొలి ఏడాది ముగిసేసరికి పుస్తకాలు అందిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో, విని అర్థం చేసుకోవడంలో మామూలు కంటే రెట్టింపు వేగంతో ముందుకు వెళ్లారు. రెండో ఏడాదికి రాతలోనూ ఆ మెరుగు కనిపించింది. కంప్యూటర్లు లేవు, భాషా ప్రయోగశాలలు లేవు.

ఈ పద్ధతిని మన సాయంత్రపు కేంద్రంలో రెండేళ్లుగా చిన్న ఎత్తున చేస్తున్నాను. మగ్రిబ్ తర్వాత, ఇషా లోపు గంటసేపు. ఆడపిల్లలకు అసర్‌కు ముందే. పుస్తకాలు నేషనల్ బుక్ ట్రస్టువి, ప్రథమ్ బుక్స్‌వి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథ ఇంగ్లీషులో, తెలుగులో, ఉర్దూలో కూడా దొరుకుతుంది. ఫోనులోంచి ప్రింటు తీసుకోవచ్చు.

మొదటి రోజు పుస్తకం మూసి అట్ట మీది బొమ్మ చూపిస్తాను. ఏం జరుగుతోంది, ఏం జరగబోతోంది అని అడుగుతాను. తెలుగులో చెప్పినా ఉర్దూలో చెప్పినా సరే. ఆ తర్వాత నేను ఇంగ్లీషులో చదివి వినిపిస్తాను, మధ్యలో ఆపుతాను. రెండో రోజు అదే కథ మళ్లీ. ఈసారి తెలిసిన చోట పిల్లలు గొంతు కలుపుతారు. మూడో రోజు ఇద్దరిద్దరుగా చదువుకుంటారు. నాలుగో రోజు కథలో తనకు నచ్చింది బొమ్మ గీసి కింద మూడు వాక్యాలు రాయాలి, పుస్తకం చూడకుండా. పెద్ద పిల్లలు తమ పుస్తకం తామే ఎంచుకుంటారు. ఒక పేజీ తెరిచి తెలియని మాటకొక వేలు మడవమంటాను. ఐదు వేళ్లూ మడతపడితే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు, కింది అరలోది తీసుకో. తొమ్మిదో తరగతి కుర్రాడికి మూడో తరగతి పుస్తకం ఇస్తే మొదట సిగ్గుపడతాడు. అట్టకు న్యూస్‌పేపర్ వేసి ఇస్తే చదువుతాడు. ఇది నేను కష్టపడి కనిపెట్టిన చిట్కా.

రాత్రి ఇంటికెళ్లి ఆ కథ అమ్మీకి ఉర్దూలో చెప్పాలి. ఇదే నా హోంవర్కు. అమ్మీకి ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ అడ్డంకి కాదు. అర్థం కాకుండా చదివినవాడు కథ చెప్పలేడు కదా. ఒక తల్లి నాతో, "మాస్టర్ సాబ్, మా పిల్ల నిన్న కథ సగంలో ఆపి పడుకుంది, తర్వాత ఏమైందో మీరైనా చెప్పండి" అంది.

మాట్లాడటం కోసం జంటల ఆట ఒకటి ఆడిస్తాను. ఒకరి చేతిలో విజయవాడ నుంచి బయల్దేరే రైళ్ల వేళలున్న కాగితం, ఇంకొకరి చేతిలో ఖాళీ గళ్ల కాగితం. పినాకిని ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం అని ఇంగ్లీషులో అడిగి గళ్లు నింపాలి. అడగకపోతే గడి నిండదు కాబట్టి అడుగుతారు. తప్పులు వస్తాయి. 'మై ఫాదర్ ఈజ్ హ్యావింగ్ టూ ఆటోస్' అంటుంది ఒక పిల్ల. "రాంగ్, కూర్చో" అంటే ఆ పిల్ల నెలరోజులు లేవదు. "ఓహో, యువర్ ఫాదర్ హ్యాజ్ టూ ఆటోస్? వాట్ కలర్?" అంటే సరైన రూపం చెవిన పడుతుంది, మాట ముందుకు సాగుతుంది.

రాత విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏటా వార్షికోత్సవం ముందు పిల్లల చేత దాతలకు కృతజ్ఞతా ఉత్తరాలు రాయిస్తాం కదా. ఆ ఉత్తరం నేను బోర్డు మీద రాసేవాణ్ణి, పిల్లలు కాపీ చేసేవారు. ఇన్నేళ్లుగా మీలో చాలామందికి అందినది నా ఉత్తరమే, దస్తూరీ మాత్రం వేరు. ఈసారి బోర్డు మీద ఏమీ రాయలేదు. మీ చేతికి వచ్చిన ఉత్తరంలో స్పెల్లింగు తప్పులుంటాయి, ఒక్కోటి మూడే వాక్యాలు ఉండవచ్చు. ఒక అబ్బాయి తనకు ఇచ్చిన బూట్లు ఒక సైజు చిన్నవని రాశాడు. నేను దిద్దకుండా పంపాను. వాడు ఇంగ్లీషుతో చేసిన మొదటి పని అది.

ప్రవక్త (స) మదీనాలో ఉండగా యూదుల నుంచి వచ్చే ఉత్తరాలు చదవడానికి, జవాబులు రాయడానికి వారి లిపి నేర్చుకోమని జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. ఆయన పదిహేను రోజుల్లో నేర్చుకున్నారని హదీసులో ఉంది. ఈ సంగతి చెబితే కొందరు ముప్పై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు ప్రకటనలు గుర్తు చేసుకుంటారు. జైద్ (రజి) జ్ఞాపకశక్తి మనకు లేదు. నాకు ఈ ఉదంతంలో కనిపించేది వేరు: ఆయన ముందు చదవాల్సిన ఉత్తరాలు ఉన్నాయి. పని ముందుంది, భాష దాని కోసం వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కింద మన బందరు రేవులో కూడా అంతే. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ అక్కడికి వచ్చి వర్తకం మొదలుపెట్టాక, బేరం కుదర్చడానికి రెండు భాషలు తెలిసిన దుబాసీలు కావలసి వచ్చారు. వాళ్లకు మీడియం ఏదని ఎవరూ అడగలేదు.

ఇక డబ్బు సంగతి. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికే చేరాలన్న నియమం ఉంది. పుస్తకాల గది, టీచరు గౌరవ వేతనం దాని నుంచి పెట్టవచ్చా అన్నది మన ఉలమాలు తేల్చాలి. నేను అడుగుతున్నది సదఖా, లిల్లాహ్ సొమ్ము. ఫీజులు ఆపమని అనడం లేదు. ఆపితే పిల్ల బడి మానేస్తుంది. ఫీజుతో పాటు కొంత ఇటు తిప్పమంటున్నాను. పలుచని కథల పుస్తకం యాభై అరవై రూపాయల నుంచి దొరుకుతుంది. ఒక కేంద్రానికి 250 పుస్తకాలంటే పదిహేను వేల చిల్లర. అవి చిరిగిపోతాయి. చిరగాలి కూడా, అద్దాల బీరువాలో కొత్తగా మెరిసే పుస్తకాలను ఎవరూ చదవలేదని అర్థం. కాబట్టి ఏటా కొన్ని మార్చాలి. అసలు ఖర్చు మనిషిది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఇద్దరికి కేంద్రానికి నెలనెలా గౌరవంగా ఇచ్చి, ముందు కొన్ని వారాలు పద్ధతి నేర్పితే ఒక్కొక్కరు పదిహేను మంది పిల్లల సబక్ రోజూ వినగలరు. పదిహేను దాటితే మళ్లీ నా తరగతే అవుతుంది. కంప్యూటర్ ల్యాబు ఇస్తామని ఒక పెద్దమనిషి ముందుకొచ్చారు, అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. ఆ సొమ్ములో సగం ఈ ఇద్దరి జీతానికి ఇస్తే నాకు ఎక్కువ సంతోషం. దాత పేరు గోడ మీద రాయడానికి జీతంలో చోటుండదు, నాకు తెలుసు.

మన స్పేర్ పార్టుల భాయ్‌సాబ్ చదివించే కుర్రాడు ఈ వేసవి నుంచి కేంద్రానికి వస్తున్నాడు. న్యూస్‌పేపర్ అట్ట వేసిన పుస్తకాలు ఇప్పటికి ఇరవై ఒకటి పూర్తిచేశాడు. మెయిల్‌కు జవాబు రాసే స్థాయికి ఇంకా రాలేదు. కానీ పోయిన నెల దుకాణంలో మెయిల్ ఒకటి చూసి, "సాబ్, సరుకు పదిహేనో తారీఖు దాటాక వస్తుందట, క్షమించమంటున్నారు" అని ఉర్దూలో చెప్పాడట. తెలియని మాటలు రెండు వేళ్లే మడతపడ్డాయని నాతో అన్నాడు.

మీరూ ఒక శనివారం మగ్రిబ్ తర్వాత మా కేంద్రానికి రండి. అరలోంచి ఏ పుస్తకమైనా తీసి ఎదురుగా ఉన్న పిల్లకు ఇవ్వండి. మనసులో చదువుకోమని, తర్వాత కథ తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. నచ్చిందా, ఎందుకు అని ఇంగ్లీషులో అడిగి, జవాబు కోసం కాస్త ఆగండి. మనం ఆగం, అదే చిక్కు. 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అని మాత్రం అడగకండి. దానికి జవాబు అందరికీ వచ్చు.